ఎర్రదారం కట్టిన సైరన్

ఆదివారం... అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

దయ్యాలు అర్ధరాత్రే తిరుగుతాయనుకునేది తెలియని వాళ్లు. మనిషి నీడ సైతం బెదిరి పాదాల కిందే ముడుచుకునే ఈ వేళే అసలైన ఘోరవేళ! హిందూపురం శివారులో, సెలవు కారణంగా నిర్మానుష్యమైన ఆ రసాయనాల ఫ్యాక్టరీ మీద సూర్యుడు అగ్నినేత్రంలా మండుతున్నాడు. ఎర్రటి సుడిగాలి ఒకటి గేటులోంచి దూసుకొచ్చి, గిర్రున తిరిగి, ఎవరినో వెతికి దొరకనట్టు కుప్పకూలింది. పైన ఇనుప గొట్టం మీద గుడ్లగూబ... పట్టపగలు... కూసింది!

కారు దిగిన అలివేలమ్మ పైకి చూసి అక్కడే ఆగిపోయింది.

"ఇంత ఎండలో పూజేంది సామీ? సాయంత్రం పెట్టుకోగూడదా?"

"ముహూర్తం ఇదేనంటమ్మా." యజమాని నవనీత్ గేటుకు లోపల్నుంచి గొలుసు వేసి తాళం బిగించాడు. "నీ బిడ్డ ఆత్మకు శాంతి కావాల్నా, వద్దా?"

"తాళమెందుకు సామీ? ఏమన్నా అయితే ఎట్ల పరిగెత్తేది?"

"ఎప్పుడు చూసినా ఏమన్నా అయితే, ఏమన్నా అయితే! నీ నోట్లో మంచిమాటే పుట్టదా?" అని నవ్వాడు.

పుట్టదు. బిడ్డ బస్సెక్కితే బోల్తా పడుతుందనీ, తుమ్మితే మాయరోగమనీ వణికిపోయే తల్లి ఆమె. రొద్దం దగ్గరి పల్లె నుంచి కూతురు లక్ష్మీప్రియ ఇక్కడికి పనికొచ్చినన్నాళ్లూ, గడపలో నిలబడి "జాగ్రత్త తల్లీ" అనని రోజు లేదు. అన్ని భయాల్లో ఒక్కటే నిజమైంది... ఆ ఒక్కటే చాలింది!

పోయిన ఏడు ఇదే చోట క్లోరిన్ కారింది. లక్ష్మీప్రియతో పాటు అదే పల్లె పిల్లలు ఇంకొందరు పురుగుల్లా రాలిపోయారు. 'ఆ పిల్లే తప్పు వాల్వు తిప్పింది' అని కంపెనీ చేతులు దులిపేసుకుంది. ఆనాటి నుంచి కొళాయి దగ్గర అలివేలమ్మ బిందె పక్కన ఎవరూ బిందె పెట్టరు. మా బిడ్డల్ని మింగినదాని తల్లి అని ముఖం తిప్పుకుంటారు.

కానీ పోయేముందు బిడ్డ అన్న మాట ఆమెకు తెలుసు. "సైరన్ ఊరికూరికే అరుస్తాదని తీగలు పీకేసినారమ్మా. గ్యాస్ కారినా మాకు తెలిసేదానికి లేదు." రేపు పెనుకొండలో విచారణ. ఆ ఒక్క మాట అక్కడ చెప్పాలి. మట్టిలో కలిసిన బిడ్డ మీది మచ్చ కడగడానికి ఈ భూమ్మీద మిగిలినది అలివేలమ్మ నోరొక్కటే!

ఆ నోరూ పూర్తిగా ఆమెది కాదు. ప్రతి అమావాస్యకూ ఈ వేళకే ఆమె గొంతులో బిడ్డ దగ్గు మొదలవుతుంది. కళ్లు నిప్పుకణికలవుతాయి... బ్లీచింగ్ పౌడర్ వాసన గుప్పుమంటుంది... లోపలినుంచి కూతురి కంఠం పెకలి వస్తుంది. "అమ్మా... అది అరవలేదమ్మా!" ఊరు దాన్ని దయ్యమంది. అలివేలమ్మ మాత్రం, నా బిడ్డకు ఇంకా ఊపిరాడడం లేదని ఏడ్చింది. శాంతి పూజ అనగానే ఈ మనిషి వెంట వచ్చింది అందుకే.

క్లోరిన్ గ్యాస్ బండలు వరసగా పడుకోబెట్టిన షెడ్డు. దాన్ని ఆనుకుని నడుములోతు గొయ్యి. గొయ్యిలో ధగధగా రగిలే హోమగుండం! దాని ముందు జటాధారి, రక్తచందన చర్చిత భీకరదేహుడు, మడకశిర వైపు పేరు చెబితేనే పసిపిల్లలు పాలు మరిచే క్షుద్రోపాసకుడు... ఉగ్రప్ప!

షెడ్డు స్తంభం మీద పాత సైరన్. దాని నోటికి ఎర్రదారం చుట్టి, పసుపుకొమ్ము వేలాడదీశారు.

"అదేంటికి కట్టినారు సామీ?"

"బాగుచేయించాలంటే నెలంతా ఫ్యాక్టరీ మూసి కూచోవాల," అన్నాడు నవనీత్. "తీగలు పీకినాక మా ఉగ్రప్ప సామి ఒక్క దారంతో దిగ్బంధం చేసినాడు. పది మంది సేఫ్టీ ఆఫీసర్లు ఒకెత్తు, ఈయన ఒకెత్తు."

ఉగ్రప్ప పెదవులు వికృతంగా విచ్చుకున్నాయి. నల్లగుడ్డ విప్పాడు. కపాలం!

అలివేలమ్మ చూసింది... మళ్లీ చూసింది... ఆమె లోకం తలకిందులైంది!

పై వరుసలో పన్ను మీద పన్ను. "తొలి జీతంతో క్లిప్పు ఏయించుకుంటాలే, ఏడవొద్దు" అని నవ్విన పన్ను. పెళ్లికాని పిల్లను కాల్చకూడదని చేని గట్టున పూడ్చుకున్న బిడ్డ. తవ్వి తెచ్చారు!

"నా బిడ్డ...! ఓరి పాపిష్టోళ్లారా, నా బిడ్డరా అది!"

"సుమ్నే నోర్మూసుకుని కూచోవే!" ఉగ్రప్ప గర్జనకు గొయ్యి దద్దరిల్లింది. "శాంతి కాదు, మూగకట్టు ఇది! సచ్చినదాని దవడ కట్టేస్తే బతికినదాని నాలిక బిగుస్తాది. రేపు పెనుకొండలో బొమ్మ లెక్క నిలబడతావు. మాట్లాడకుంటే ఒప్పుకున్నట్టే!"

"హ్రీం... స్తంభయ... స్తంభయ...!"

కపాలం దవడకు ఎర్రదారం చుట్టుకుంది. అలివేలమ్మ పళ్లు కరుచుకున్నాయి. ఇంకో చుట్టు! నాలుక రాయైంది. గొంతులో అప్పుడే మొదలైన బిడ్డ దగ్గు సగంలో చిక్కుకుని గిలగిలలాడింది.

అప్పుడు చూసిందామె. హోమజ్వాలలు గాలికి వంగి, అంచున ఉన్న బండ మూతిని నాకుతున్నాయి! బిడ్డ మాట చెవుల్లో మోగింది. 'వేడి తగిలితే బిరడా కరిగిపోతాదమ్మా. ఆ విషం బరువు, నేలబారున పారుతాది. పైకెక్కినోళ్లే బతికేది.'

చావనీ అనుకోవచ్చు... ఆ తల్లికి అది చేతకాలేదు. జాగ్రత్త అని అరవడమే ఆమెకు తెలిసిన విద్య. చేతులూపింది, బండ వైపు చూపింది, నేల మీద పడి కొట్టుకుంది. మూసిన పళ్ల వెనక మాట చచ్చిపోయింది.

"చూడు సామీ, దయ్యం ఎట్ల ఆడిస్తాండాదో!" పకపకా నవ్వాడు నవనీత్.

బిరడా కరిగింది.

బుస్స్స్...!

పచ్చటి పొగ కాలసర్పమై జారి గొయ్యిలోకి దిగింది. ఉగ్రప్ప మంత్రం సగంలో తెగింది. మంత్రానికి ఊపిరి కావాలి... ఆ ఊపిరే విషమైంది! రెండు చేతులతో గొంతు పట్టుకుని స్తంభం వైపు చూశాడు. హెచ్చరించవలసింది అక్కడే ఉంది. దాని నోరు కట్టింది తానే!

ఇంతలో మహాద్భుతం! విషం సోకిన ఎర్రదారం ఎరుపు కోల్పోయింది... గులాబి... పాలిపోయి తెలుపు... పీలికలై తెగింది! కపాలం నోరు తెరుచుకుంది. స్తంభం మీది దారం కూడా ఫట్టుమంది. అలివేలమ్మ గొంతులో చిక్కిన దగ్గు బయటికి దూకిన ఆ క్షణాన, తీగల్లేని సైరన్, కరెంటు లేని సైరన్... అరిచింది!

అది యంత్రం అరుపు కాదు. ఏడాది కిందట అరవవలసిన అరుపు. చుట్టుపక్కల పల్లెల్లో జనం అన్నం ముందు నుంచి లేచి, పిల్లల్ని చంకనేసుకుని మిద్దెలెక్కారు.

"పైకెక్కండ్రా! కింద ఉంటే సచ్చిపోతారు, పైకి!" అలివేలమ్మకు మాట వచ్చింది. కలశంలో నీళ్లు కొంగు మీద కుమ్మరించుకుని, ముక్కుకు అడ్డం పెట్టుకుని, గొయ్యి అంచున వంగి కపాలాన్ని అందుకుంది. ఉగ్రప్ప వైపూ చెయ్యి చాచింది. అతని గోళ్లు ఆ చేతిని పట్టలేదు, ఆ స్థితిలోనూ కపాలం కోసమే పాకాయి. పచ్చటి పొగ అతని తల మీదుగా మూసుకుంది. మళ్లీ తెరుచుకోలేదు!

నవనీత్ తాళం వేసిన గేటు దగ్గర కూలబడి దగ్గుతున్నాడు. తాళంచెవి ఎక్కడ పెట్టాడో అతనికే తెలియడం లేదు. వీణ్ణీ ఒక తల్లి కనే ఉంటుంది అనుకుందామె. కాలర్ పట్టి నీళ్ల ట్యాంకు ఇనుప మెట్ల మీదికి ఈడ్చుకుపోయింది. ఫైరింజన్ వాళ్లు గేటు విరిచేదాకా, ఒక చేత్తో వాణ్ణి, ఒక చేత్తో బిడ్డ తలను పట్టుకుని కూర్చుంది.

విచారణ కొన్నాళ్లు వాయిదా పడి, పెనుకొండలోనే జరిగింది. తెగిన తీగలు బల్ల మీద ఉన్నాయి. అడిగిన ప్రతిదానికీ నవనీత్ నోరు తెరిచాడు. కాలిన కంఠంలోంచి గాలి తప్ప మాట రాలేదు. మూగకట్టు కట్టించినవాడికే తగులుకుంది!

"తీగల్లేని సైరన్ ఎట్లా అరిచింది?" అధికారి అడిగాడు.

"నా బిడ్డ అరిచింది సారూ," అంది అలివేలమ్మ. "తప్పు చేసినదైతే ఊరిని ఎందుకు కాపాడతాది? పోయిన ఏడే సైరన్ అరిచుంటే, అందరు పిల్లలూ పైకెక్కి బతికేవాళ్లు. దాని నోరు వీళ్లు కట్టినారు."

అధికారి కాగితంలో లక్ష్మీప్రియ పేరు ఎదుట రాసిన తప్పును కొట్టేశాడు. మర్నాడు కొళాయి దగ్గర, కొడుకును పోగొట్టుకున్న దాసమ్మ తన బిందె పక్కకు జరిపి, "ఈడ పెట్టుకో వదినా" అంది.

చేని గట్టున బిడ్డ తలను మళ్లీ మట్టికిచ్చేముందు, ఆ పన్ను మీది పన్నును కొంగుతో తుడిచింది.

మళ్లీ అమావాస్య వచ్చింది. మిట్టమధ్యాహ్నం అలివేలమ్మ గడపలో కూర్చుంది. నీడ కాళ్ల కిందికి ముడుచుకుంది. గొంతు మీద చెయ్యి వేసుకుని ఎదురుచూసింది. దగ్గు రాలేదు... వాసన రాలేదు... బిడ్డకు శాంతి దొరికింది.

"ఒక్కసారి దగ్గు తల్లీ..." అందామె, ఎవరికీ వినబడకుండా. "ఒకే ఒక్కసారి."