నీళ్ల తొట్టిలో నాలుగు పుస్తకాలు

చెంపదెబ్బ చప్పుడుకి చాంద్ సుల్తానా చేతిలో సూది ఆగిపోయింది. ఇరవై ఏళ్ల కాపురంలో సిరాజ్ ఇంట్లో ఎవరిమీదా చెయ్యెత్తిన మనిషి కాదు... అలాంటిది పదహారేళ్ల కూతురిని, ఖుష్నుమాని, దుకాణం గుమ్మంలో, పరాయి మనిషి కళ్లెదుట లాగి కొట్టాడు! అంతటితో ఆగాడా? విసవిసా లోపలికెళ్లి, పిల్ల తన అలమరలో దాచుకున్న నాలుగు పాత పుస్తకాలు తెచ్చి, అట్టలు ఊడదీయడానికి నానబెట్టే నీళ్ల తొట్టిలో పడేశాడు. మూడేళ్లుగా ఆ పిల్ల పేజీ పేజీకీ బొమ్మలేసుకున్న పుస్తకాలవి. ఎర్రరంగు ఒకటి నీళ్లమీదికి తేలి మెల్లగా పరుచుకుంది. ఖుష్నుమా చెంప పట్టుకుని అదే చూస్తూ నిలబడింది తప్ప ఏడవలేదు.

వన్‌టౌన్‌లో పాత పోస్టాఫీసు వెనక సందులో సిరాజ్‌ది పుస్తకాల బైండింగు దుకాణం. ముందు గదిలో పని, వెనక రెండు గదుల్లో సంసారం. ఆ పూట వచ్చిన పరాయి మనిషి పేరు భ్రమరాంబ. ఎలమంచిలిలో టీచరుగా చేసి రిటైరైన ఆవిడ. వాళ్ల నాన్న ఒకప్పుడు హార్బర్లో ఇసుక తోడే ఓడ మీద పనిచేసేవాడు. సముద్రం ఏ రోజు ఎన్ని గంటలకి పోటెత్తుతుందో, ఎప్పుడు తీస్తుందో అచ్చేసిన పట్టికల పుస్తకం ఒకటి ఆయన వాడుకునేవాడు. దాని అంచుల నిండా పెన్సిలుతో ఏవేవో రాసుకున్నాడు. ఆయన చేతిరాత ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. కుట్లు ఊడిపోతే కిందటేడాది ఆవిడ తెచ్చి సిరాజ్ చేతికిచ్చింది. తరవాత మోకాలి ఆపరేషనై మంచాన పడింది. ఇదిగో, ఇప్పటికి కర్ర పట్టుకుని రాగలిగింది.

సిరాజ్ అరలన్నీ తడిమి దొరకలేదన్నాడు. అప్పుడు ఖుష్నుమానే లోపల్నించి ఆ పుస్తకం తెచ్చి, "ఇదేనాండి?" అని చేతికిచ్చింది. ఆవిడ తెరిచింది. అంకెలుండాల్సిన చోట పడవలు, సూదులు, దారపు ఉండలు, చేతులు... నీలం, పసుపు, మట్టిరంగు. భ్రమరాంబ మోకాలి నొప్పి కూడా మరిచి అక్కడే ఉన్న పీటమీద కూలబడింది.

"మా నాన్నది... ఇదేటి సాయిబు గారూ, ఇలా చేశారు?" అంది.

ఆ మాటకే సిరాజ్ చెయ్యి లేచింది.

"దొంగముండా! గిరాకీ సామాను మీద రంగులు పూసినావా? ముప్పై ఏళ్లుగా ఈ సందులో నా చేతికి ఒక్కలు వంక పెట్టనేదే!"

"లావారిస్ అరలో ఉంది, అబ్బా," అంది ఖుష్నుమా తండ్రితో, నెమ్మదిగా. "చీటీ లేదు. అందుకే తీసుకున్నాను."

"అబద్ధం. ఆ అర నా చేతుల్తో నాను సర్దినాను. ఈవిడగారి పుస్తకం అందులోకి ఎలా వత్తాది? నువ్వే తీసినావు, చీటీ నువ్వే చింపినావు. రేపట్నించి కాలేజీ లేదు, బొమ్మల్లేవు. ఇంట్లో పడుండు."

ఆ ఇంట్లో లావారిస్ పుస్తకమంటే ఇచ్చినవాళ్లు మూడేళ్లు దాటినా వచ్చి తీసుకెళ్లని పుస్తకం. ప్రతి పుస్తకంలోనూ పేరు, తేదీ రాసిన చీటీ ఉంటుంది. ఏటా రంజానుకి ముందు దుకాణం దులిపేటప్పుడు సిరాజ్ చీటీలు చూసి, గడువు దాటినవన్నీ చీటీ పీకేసి ఒక అరలో పడేస్తాడు. వాటి అట్టలు మళ్లీ పనికొస్తాయి, కాగితాలు చిత్తుకి పోతాయి. వాటిల్లోంచే ఖుష్నుమా తనకి నచ్చినవి ఏరుకునేది. క్లాసులో హేమశ్రీ అనే పిల్ల పాత పుస్తకంలో రోజుకో పేజీ బొమ్మలేసుకుంటుంటే చూసి తనూ మొదలెట్టింది. అచ్చు అక్షరాల మీద పల్చగా తెల్లరంగు వేసి, కావాల్సిన మాట ఒకటో రెండో వదిలేసి, ఆ రోజు మనసులో ఏముంటే అది వేసేది. నోరు విప్పి నాలుగు మాటలు చెప్పని పిల్లకి అదొక్కటే ఊపిరి. వాళ్లమ్మ ఏనాడైనా ఆ పేజీలు తిప్పి చూసిందా అంటే, లేదు. కుట్టుపనితోనే ఆమె కళ్లు అలిసిపోయేవి.

ఇప్పుడు చాంద్ ఇన్నాళ్లూ దాచిన సంగతి చెప్పాలి. సిరాజ్‌కి కళ్లు కనపడవు! పూర్తిగా గుడ్డి కాదు. నాలుగేళ్లుగా పొర కమ్ముకొస్తోంది. మనుషులు తెలుస్తారు, అక్షరాలు తెలియవు. చీటీ ముక్కుదాకా తెచ్చుకుని చదివినట్టు తలాడిస్తాడు. పుస్తకం బరువు, దుమ్ము చేత్తో తడిమి ఇది పాతది, ఇది కొత్తది అని తేల్చేస్తాడు. కంటాసుపత్రికి పోదామంటే, "సిరాజ్‌కి సూపు పోయిందని తెలిత్తే సందులో ఒక్కలైనా పుస్తకమిత్తారా? పిల్లకి కూడా సెప్పకు," అని ఒట్టు వేయించుకున్నాడు. ఆమె చెప్పలేదు. ఆయన నమాజుకి వెళ్లినప్పుడల్లా ఆ అర దగ్గర కూర్చుని, ఆయన తప్పుగా పడేసినవి తీసి, చీటీలు మళ్లీ పెట్టి, ఎక్కడివక్కడ సర్దింది. ఆయన ముందు ఏమీ ఎరగనట్టు ఉండిపోయింది.

ఈ ఏడాది దులిపిన రోజున చాంద్ ఇంట్లో లేదు. గాజువాకలో చెల్లెలు నర్గీస్‌కి ఒంట్లో బాగోలేదంటే వెళ్లి మూడు రోజులుండిపోయింది. తిరిగొచ్చాక ఆ అర వైపు చూడలేదు. అదీ జరిగింది! చీటీ పీకి పారేసింది ఆయన. సర్దకుండా వదిలేసింది తను. దెబ్బ తిన్నది పిల్ల.

చెప్పొచ్చుగా తల్లీ, ఇంకెప్పుడు చెప్తావు అని మీకనిపిస్తుంది. ఆమెకీ అనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఎదురుగా గిరాకీ మనిషి. ఆ నాలుగు మాటలు చెబితే మొగుడి పరువు ఈ గుమ్మంలోనే పోతుంది, చెప్పకపోతే కూతురు దొంగై కూర్చుంటుంది. ఆవిడ వెళ్లిపోయాక చెప్తాలే, ఆయన కోపం దిగాక చెప్తాలే అనుకుంది. అలా అనుకున్నందుకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

ఈలోగా భ్రమరాంబ కళ్లజోడు తుడుచుకుని ఒక్కో పేజీ తిప్పుతోంది. ఒకచోట ఆగి, వేలితో అంచు తడిమింది. "మా నాన్న రాత చెరపలేదే నువ్వు," అంది ఖుష్నుమాతో.

"పెన్సిలు రాత ఉన్నచోట రంగు వేయలేదండి. చుట్టూ వేశాను. ఎవరో బతికున్న మనిషి రాసుకున్నట్టుంటే చెరపబుద్ధి కాలేదు."

"బతికి లేరమ్మా." ఆవిడ ఇంకో పేజీ తిప్పింది. తిప్పి, ఆ పేజీని చాలాసేపు చూసి, సిరాజ్ వంక చూసి, మళ్లీ పేజీ చూసింది. ఆ చూపేమిటో అర్థంకాక చాంద్ లేచి వెళ్లి ఆవిడ భుజం మీదుగా తొంగి చూసింది.

పేజీలో సిరాజ్ ఉన్నాడు. చీటీని ముక్కుకి ఆనించుకుని, తలకిందులుగా పట్టుకుని ఉన్నాడు. పక్క పేజీలో ఖాళీ దుకాణం. అందులో చాంద్ ఒక్కతే ఆ అర ముందు గొంతుక్కూర్చుని చీటీలు సర్దుతోంది. కింద అచ్చులో ఉన్న రెండు మాటలు మాత్రం పిల్ల తెల్లరంగు వేయకుండా వదిలేసింది... "నీటి లోతు" అని.

పిల్లకి తెలుసు! ఎప్పుడో తెలుసు! తెలిసే, తండ్రి దొంగ అన్నా, చెయ్యి చేసుకున్నా, మూడేళ్ల బొమ్మలు నీళ్లలో ముంచినా, ఆయన పరువు ఆయనకుంచి నోరు మూసుకు నిలబడింది. చాంద్‌కి ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండింది.

"ఖుష్నూ, తెలిసి కూడా నాతో సెప్పలేదేమే?" అంది.

"నువ్వూ చెప్పలేదుగా, అమ్మీ." పిల్ల చెంప మీంచి చెయ్యి తీసేసింది. "ఆ అర నువ్వు చూసే ఉంటావనుకున్నాను. నువ్వు చూశాక అక్కడున్నవి ఎవరివీ కావు కదా, అందుకే తీసుకున్నాను."

ఇక చాంద్ ఆగలేదు. మొగుడి వైపు తిరిగింది. "ఇనండి. దొంగ అది కాదు. ఈవిడగారి పుస్తకం ఆ అరలో ఏసింది మీరు. చీటీ తీసి పారేసింది మీరు. మీకు అచ్చరం ఆనదు, నాలుగేళ్లయింది. మీరు తప్పు సేసినప్పుడల్లా నాను దిద్దుతన్నాను. ఆ మూడ్రోజులు నాను ఇంట్లో లేను, దిద్దడానికి. ఒట్టు తీసి గట్టున పెడతన్నాను. పాపమేదైనా ఉంటే నాకే తగలనీ."

"చాంద్... పైవాళ్ల ముందు..."

"పైవాళ్ల ముందే కొట్టినారు. పైవాళ్ల ముందే సెప్తన్నాను."

సిరాజ్ ఆధారం కోసం బల్ల అంచు వెతుక్కున్నాడు. చెయ్యి జానెడు దూరంలో గాలిలో ఆడింది. ఎవరూ వెళ్లి పట్టుకోలేదు.

భ్రమరాంబ పుస్తకం సంచిలో పెట్టుకుని కర్ర ఊతగా లేచింది. "నాకు కోపం పోయిందనుకోకండి సాయిబు గారూ. నమ్మి ఇచ్చిన వస్తువు ఇలా చేతికొస్తే ఎవరికి మాత్రం పోతుంది? మా నాన్న రాత మిగిలింది, అది ఈ పిల్ల మూలంగా మిగిలింది. మీకు కనిపించనప్పుడు కనిపించలేదని చెప్పుంటే సరిపోయేది." గడప దగ్గర ఖుష్నుమా చెంప మీద ఒకసారి చెయ్యి వేసి, మెల్లగా సందులోకి నడిచిపోయింది.

సిరాజ్ తొట్టి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మోచేతిదాకా నీళ్లలో పెట్టి ఒక పుస్తకం పైకి తీశాడు. ముద్దైపోయిన పేజీలని, ఎంత చిరిగిన పుస్తకాన్నైనా నిలబెట్టే ఆ వేళ్లతోనే, ఒక్కొక్కటీ విడదీయబోయాడు. తడిసిన కాగితం ఆయన వేళ్లకే అంటుకుని వచ్చేసింది. రంగు నీళ్లు ఒళ్లోకి కారుతున్నాయి.

"తప్పైపోయింది బేటీ," అన్నాడు. "రేపే ఆసుపత్రికి పోదాం. నువ్వు ఏటి సెప్తే అది." ఆయన పేజీని మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. "ఇందులో ఏటేసినావమ్మా? చాంద్, నువ్వైనా సెప్పు, ఏటుంది ఇక్కడ?"

నాలుగేళ్లుగా ఆయన అడగకముందే అన్నీ చదివి పెట్టిన మనిషి ఈసారి కదల్లేదు. "నాకు తెలీదు. నాను ఏనాడూ సూడలేదు. అదే సెప్పాలి, దానికి సెప్పాలనిపిత్తే." ఆ మాట ఆమె కోపంగానే అంది. ఆ కోపంలో తన వాటా ఎంతో ఆమెకి తెలుసు.

ఖుష్నుమా తండ్రి చేతుల్లోని ముద్ద వంక చూసింది.

"మీ చేతులు, అబ్బా," అంది. "నాలుగు పుస్తకాల్లోనూ మీ చేతులే వేశాను."

లోపలికి వెళ్లిపోయింది. సిరాజ్ ఆ తడి కాగితాన్ని ఎండలోకి పట్టుకుని, ఇటూ అటూ తిప్పి చూస్తూనే ఉన్నాడు. చాంద్ కూతుర్ని వెనక్కి పిలవలేదు.