నొప్పి పుడితే చెయ్యెత్తండి

“నన్ను సేసుకోమంటే తల అడ్డంగా ఊపీసినావట. ఇప్పుడు నీ పంటికి నాను తోడు రావాలేటి బావా?”

విజయనగరంలో పళ్ల డాక్టరు గది ముందు నీలవేణి నిలదీసింది. బావ నరసింగరావు దవడ బూరెలా పొంగి ఉంది. ఏదో చెప్పబోయి మూలిగాడు.

నిన్న చీపురుపల్లిలో ఆమె తండ్రి కూర్మయ్యే మేనల్లుణ్ణి అడిగాడు. అతను తల అడ్డంగా ఊపాడు. ఇంకేముంది, కూర్మయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఈ సాయంత్రం బండికే నౌపడ వెళ్లి అక్కడి సంబంధానికి మాటిచ్చేస్తానంటూ, పళ్లూ తమలపాకులూ కొనడానికి బజారుకెళ్లాడు.

“పీకీండి బాబూ, పీడా పోతాది,” అంది నీలవేణి, లోపలికి వెళ్లగానే డాక్టరుతో.

“పీకక్కర్లేదమ్మా, రూట్ కెనాల్ చేద్దాం,” అన్నాడాయన. “మత్తింజక్షనిచ్చి, పంటికి చిన్న కన్నం పెట్టి, పాడైన నరం తీసేస్తాను. మందు పెట్టి మూస్తాను. వచ్చే వారం మళ్లీ వస్తే లోపలంతా నింపేస్తాను. మాట్లాడకండి. నొప్పి పుడితే ఎడంచెయ్యి ఎత్తండి.”

యంత్రం గుర్రుమంది. నరసింగరావు కుర్చీలో బిగుసుకుపోయాడు. నీలవేణికి జాలేసింది. మంచివాడే, ఒట్టి పిరికివాడు. కానీ సాయంత్రం బండి కదిలిపోతే ఇంక అడిగేదేముంది?

“బావా, నానంటే ఇష్టమైతే సెయ్యెత్తు.”

చెయ్యి లేచింది.

డాక్టరు యంత్రం ఆపాడు. “నొప్పా?”

కాదన్నట్టు వేళ్లు ఆడించాడు. డాక్టరు మళ్లీ పనిలో పడ్డాడు.

“మరి నిన్న తలెందుకు ఊపినావు? నోరు తెరవలేకా?”

చెయ్యి మళ్లీ లేచింది.

“నన్ను సేసుకుంతావా?”

ఈసారి లేచిన చెయ్యి దిగలేదు.

“నరం తీసేశాక ఇంకా నొప్పేమిటండీ?” అని కసిరిన డాక్టరు, ఇద్దరి మొహాలూ చూసి, చేతులు కడుక్కోవాలంటూ అవతలికి వెళ్లాడు. నీలవేణికి సంతోషం పట్టలేక ఏడుపొచ్చింది.

వాళ్లు స్టేషను చేరేసరికి కూర్మయ్య టిక్కెట్ల కిటికీ దగ్గరున్నాడు. “నాకు నౌపడ, పిల్లలిద్దరికీ చీపురుపల్లి,” అంటున్నాడు.

“మావా, ఎల్లకు,” అన్నాడు నరసింగరావు. మత్తు వదలని పెదవి మాట వినడం లేదు. “నీయయేణిని నాకే ఇయ్యి.”

చొంగ కారింది. తువ్వాలుతో తుడుచుకుని మళ్లీ అదే మాట అన్నాడు.

“నిన్న వద్దన్నావు కదరా?”

“మాటాడలేనన్నాను, మావా.”

కూర్మయ్య కూతురి వైపు తిరిగాడు. “నువ్వేటంతావే?”

“బావనే సేసుకుంతాను, నాన్నా.”

కూర్మయ్య ఇద్దర్నీ గుర్రుగా చూసి, కిటికీలోకి వంగాడు.

“మూడూ చీపురుపల్లికే ఇయ్యండి బాబూ.”