కత్తిరించేసిన ఖాళీలు

"ఇది మా మిషన్ చప్పుడే కదూ?"

ఫోన్‌లో పాట ఆపకుండానే అడిగింది టైలరమ్మాయి. ప్యాంటు పొడవు తగ్గించమని వచ్చిన డీజేకి తల కొట్టేసినట్టయింది.

పై అంతస్తులో అద్దెకుండే ఇతగాడు నాలుగేళ్లుగా ఎవరి కాలూ కదలని ప్రయోగాలు చేస్తూ వచ్చాడు. అతని పాట వినిపించినప్పుడల్లా సొంత చెల్లెలే "అన్నయ్యా, ఫ్రిజ్ పాడైందా?" అనేది. చివరికి మెట్ల కిటికీలో వారం రోజులు రికార్డర్ పెట్టి, కింది షాపులో ఈమె మిషన్ తొక్కే చప్పుడు దొంగచాటుగా పట్టాడు. ఆ చప్పుడుతో కట్టిన పాట ఊరంతా మోగింది. రేడియోవాళ్లు ఇంత కొత్త శబ్దం ఎక్కడిదని అడిగితే, "నేనే తయారుచేశా" అనేశాడు. అప్పట్నుంచి ఆమెకి ఎదురుపడటానికి ముఖం చెల్లలేదు. ఎదురుపడకుండా ఉండనూ లేడు, ఆమె అంటే అంత ఇష్టం.

"మిషన్లన్నీ అలాగే మోగుతాయేమోనండీ" అని గొణిగాడు.

"నా కాలు నాకు తెలీదా?"

ఇంక దాచలేకపోయాడు. "మీదే. అడక్కుండా రికార్డ్ చేశా. పైగా రేడియోలో అబద్ధం చెప్పా. సిగ్గుతో చచ్చిపోతున్నా. రేపే వాళ్లకి నిజం చెప్తా."

"రేపెందుకు? ఫోన్ ఇక్కడే ఉందిగా."

అక్కడే నిలబడి ఫోన్ చేశాడు. ఆ శబ్దం తనది కాదనీ, కింది షాపు టైలర్‌దనీ, తను బొంకాననీ చెప్పేసరికి చెవులు ఎర్రబడ్డాయి.

"బాగుంది" అందామె. "మీరు రికార్డర్ పెట్టడం నేను మొదటిరోజే చూశాను. అడుగుతారేమోనని వారం ఆగాను."

అతనికి భూమిలోకి కుంగిపోయినట్టయింది.

"ఇంకోటి. నేను మధ్యమధ్య ఆగుతాను. మీ పాటలో ఆ ఖాళీలేవీ?"

"బీట్ పోతోందని కత్తిరించేశా. పొరపాట్లనుకున్నా."

ఆమె చేతిలోని ప్యాంటు మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది.

"రికార్డర్ చూసుకోడానికి మీరు రోజుకి పదిసార్లు దిగేవారు. మీరు దిగినప్పుడల్లా నా కాలు ఆగిపోయేది."

నాలుగేళ్లు చెవులతో బతికిన మనిషికి ఇన్నాళ్లూ అసలు సంగతి వినపడనందుకు మరింత సిగ్గేసింది.

"మళ్లీ రికార్డ్ చేసుకోవచ్చా అండీ? ఈసారి ఏమీ తీసెయ్యను."

"చేసుకోండి."

ఎదురుగా స్టూలు వేసుకుని రికార్డర్ నొక్కాడు. ఆమె గుడ్డ సర్దింది, చక్రం మీద చెయ్యి వేసింది. ఎంతసేపటికీ మిషన్ కదల్లేదు.

"మీరు అలా చూస్తూ కూర్చుంటే ఎలా కుట్టను?" అంది తలెత్తకుండానే.

అతను చూపు తిప్పుకోలేదు. రికార్డర్ ఆపలేదు.