తాళం వేసే చేతులు

పత్తి గోడౌన్‌కి కిటికీల్లేవు. పైకప్పు కింద వరసగా పన్నెండు గాలి కంతలు మాత్రం ఉన్నాయి. ఉదయం పది గంటలకి సెట్ పనివాళ్ళు నిచ్చెనలేసుకుని ఎక్కి ఆ పన్నెండింటికీ నల్లగుడ్డ కట్టేశారు. బయట ఎండ పేలిపోతోంది. లోపల మాత్రం కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

"పట్టపగలే రాత్రిని చేసేశారే!" అన్నాడు తాళాల బాబాయ్, తాళంచెవుల గుత్తి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ.

ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. మూతబడ్డ ఆ మిల్లుకి ఆయనే కాపలా. గేటు పక్కన రెండు గదుల క్వార్టర్లో ఒంటికాయ శొంఠికొమ్ములా ఉంటాడు. మిల్లు చేతులు మారింది, మూతబడింది, యంత్రాలు తుక్కు కింద పోయాయి. బాబాయ్‌ని మాత్రం ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ కదపలేదు. ఎందుకు కదపలేదో చెప్తాను, కంగారు పడకండి.

అక్కడ తీస్తున్న టీవీ సీరియల్ రాజుల కాలం నాటిది. ఎదురుతిరిగిన రైతుల్ని కోటలోని ధాన్యపు కొట్లోకి తోసి తాళం వేయించే ఘట్టం ఇక్కడ తీస్తున్నారు. టీవీలో ఆ కోటని చూసి ముచ్చటపడ్డ బాబాయ్, అదెక్కడుందని దర్శకురాలిని అడిగాడు. ఆ అమ్మాయి పకపకా నవ్వింది.

"ఎక్కడా లేదు బాబాయ్. కోట గుమ్మం ఒక రాళ్ళ క్వారీలో కట్టాం. మెట్లు ఒక పాత కాలేజీవి. దర్బారేమో మూతబడ్డ బ్యాంకు. రాణిగారు ఇక్కడ గడప దాటారంటే అరవై కిలోమీటర్ల అవతల తేలతారు."

"ఎవరూ పట్టుకోరా?"

"అబ్బే! తలుపు మూసిన చప్పుడు సరిగ్గా ఉంటే చాలు. దాని వెనక ఏముందని మనం చెబితే జనం అదే నమ్ముతారు."

ఆ మాట బాబాయ్‌కి గుచ్చుకుంది. అబద్ధమైతే గుచ్చుకునేది కాదు.

ముప్ఫై ఏళ్ళ కిందట ఈ గోడౌన్‌కి నిప్పంటుకుంది. లోపల ఏడుగురు కూలీలున్నారు. అందులో ఒకడు బాబాయ్ సొంత తమ్ముడు. పత్తి దొంగతనాలు జరుగుతున్నాయని, లోపల పని జరిగినంతసేపూ బయట తాళం వేసి ఉంచమని మేనేజరు హుకుం. తాళంచెవి బాబాయ్ దగ్గరుండేది. ఆ మధ్యాహ్నం తలుపు సందుల్లోంచి పొగ వచ్చింది. లోపలివాళ్ళు తలుపు బాదారు. బాబాయ్ తలుపు ముందే ఉన్నాడు, తాళంచెవి చేతిలోనే ఉంది. ఏం చేశాడంటారా? పరుగెత్తాడు. మేనేజరు ఇంటికి... తలుపు తీయవచ్చా అని అడగడానికి! చెప్పకుండా తాళం తీస్తే ఆ పూటే ఇంటికి పంపేస్తామని అంతకు ముందే మూడుసార్లు బెదిరించి ఉన్నారు మరి. మేనేజరు భోజనం చేస్తున్నాడు. ఉండు, చెయ్యి కడుక్కుని వస్తానన్నాడు. ఈయన గుమ్మంలో నిలబడ్డాడు. ఇద్దరూ తిరిగొచ్చేసరికి తలుపు బాదడం ఆగిపోయింది.

విచారణలో బాబాయ్ ఏం చెప్పాడో వినండి. తలుపు తీసే ఉంది, అందరూ తాగి పడుకున్నారు, మా తమ్ముడు కాల్చి పారేసిన సిగరెట్టే కొంప ముంచింది అన్నాడు. సొంత అన్నే చెప్పాక కాదనేదెవరు? తమ్ముడి పెళ్ళాం అప్పుడు కడుపుతో ఉంది. ఆమెకి నష్టపరిహారం రాలేదు సరికదా, నలుగురి నోళ్ళలో నానింది. అన్నకి మాత్రం బతికినంత కాలం ఉద్యోగం, ఉండడానికి క్వార్టరూ దొరికాయి.

ఆ మరదలికి ఈ సంగతి తెలీదు. తెలియకూడదు. బాబాయ్‌కి ఈ లోకంలో అయినవాళ్ళంటూ మిగిలింది ఆమే. కుట్టుమిషను తొక్కి కూతుర్ని పెంచింది. ఈయన నెలనెలా సరుకులు మోసుకెళ్ళాడు, పిల్లకి ఫీజులు కట్టాడు. "మా బావగారే లేకపోతే వీధిన పడేవాళ్ళం" అని కనపడ్డ ప్రతివాళ్ళతోనూ చెబుతుంది. ఆ మాట విన్నప్పుడల్లా ఆయనకి ముద్ద గొంతు దిగదు. అయినా ఆ మాట వినడానికే ప్రతి ఆదివారం వాళ్ళింటికి వెళ్తాడు. మనిషి ఎంత సిగ్గులేనివాడో చూడండి.

పన్నెండింటికి జూనియర్ ఆర్టిస్టుల బస్సు వచ్చింది. పాతిక మంది, చింపిరి బట్టలు, మొహాలకి మసి. వాళ్ళలోంచి మరదలు దిగింది.

బాబాయ్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. "నువ్వా? నువ్వెందుకొచ్చావమ్మా ఇక్కడికి?"

"పక్కింటావిడ లాక్కొచ్చింది బావగారూ. మసి పూసుకుని అరిస్తే చాలట. ఇన్నేళ్ళూ ఇంట్లో అరిచిందానికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు కదా, ఇదేదో నయమే అనుకున్నాను." నవ్వి, గొంతు తగ్గించింది. "ముప్ఫై ఏళ్ళలో ఈ గేటు దాటలేదు. ఆయన పోయిన చోటు ఒక్కసారి కళ్ళారా చూడాలనిపించింది. చూసి, నాలుగు తిట్లు తిట్టి వస్తాను. తాగి పడుకుని సంసారం బుగ్గి చేశాడు కదా, మహానుభావుడు!"

"తిట్టకమ్మా" అన్నాడు బాబాయ్.

సెట్ వాళ్ళు తెచ్చిన ఉత్తుత్తి తాళం దగ్గర్నుంచి చూస్తే తేలిపోయింది. పాత ఇనప తాళం ఏదైనా ఉందా అని అడిగారు. ఉంది, ఆనాటిదే ఉంది. కాపలావాడి వేషం వేసినాయన దాన్ని తిప్పలేక నానా తంటాలూ పడ్డాడు. దర్శకురాలికి విసుగొచ్చింది.

"బాబాయ్, మొహం కనపడదు. చేతులు మాత్రమే. మీరే వేసెయ్యండి."

"నావల్ల కాదమ్మా."

"భలేవారే, రోజూ చేసే పనేగా!"

నలుగురూ చూస్తున్నారు. మరదలు కూడా చూస్తోంది. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. ఆయన జరీ అంచు చేతులున్న అంగీ తొడుక్కున్నాడు.

"ఏ భావమూ వద్దు బాబాయ్. వాడు పైవాళ్ళు చెప్పింది చేసే మనిషి, అంతే. చేతులు మాత్రం వణక్కూడదు."

వణకలేదు. ముప్ఫై ఏళ్ళ కిందట కూడా వణకలేదు.

పాతిక మందీ లోపలికెళ్ళారు. తలుపు మూసి, గడియ పెట్టి, తాళం వేశాడు. యాక్షన్ అన్న కేక వినపడింది. లోపల తలుపు బాదడం మొదలైంది. పొగ యంత్రం ఊదిన తెల్లటి పొగ తలుపు కింది నుంచి పాక్కుంటూ వచ్చి ఆయన పాదాల్ని ముంచేసింది. ఈ పొగకి వాసన ఉండదని పొద్దునే చెప్పారు. కానీ ఆయనకి వాసన వచ్చింది. దీపం ఆర్పినప్పుడు ఒత్తి నుంచి వస్తుందే, అది. గోడౌనంత ఒత్తి ఆర్పితే ఎంత వస్తుందో అంత. కట్ అన్న మాట పూర్తి కాకముందే తాళం తీసేశాడు.

జనం దగ్గుకుంటూ, నవ్వుకుంటూ బయటపడ్డారు. లెక్క చూసుకుంటే పాతిక మందీ సరిపోయారు. ఆఖరున మరదలు వచ్చింది.

"తిట్టావా?" అన్నాడు, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"తిడదామనే వెళ్ళాను. ఆ చీకట్లో నోరు రాలేదు బావగారూ."

అక్కడితో అయిపోవాల్సింది. కానీ సౌండ్ చూసే ఆయన ఊరుకోలేదు. యూనిట్లో ఆయన్ని చెవులాయన అంటారు. సీను అయ్యాక ప్రతి చోటా అందరినీ నోరు మూసుకోమని, ఒక నిమిషం పాటు ఉత్త నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకుంటాడు. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదేనట. మాటకీ మాటకీ మధ్య సందుల్లో దాన్ని అతికిస్తారట. ఖాళీ గోడౌన్ మధ్యలో మైకు పెట్టించి, తలుపు దగ్గరగా వేయించి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని చెయ్యి పైకెత్తాడు. అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు.

పది సెకన్లు... ఇరవై... చెవులాయన మొహం చిట్లించాడు.

"లోపల ఎవరున్నారండీ?" అన్నాడు గుసగుసగా.

టార్చి పట్టుకుని వెళ్ళి చూశారు. బోడి నేల, మైకు స్టాండు... ఇంకేం లేదు. మళ్ళీ తలుపు వేశారు. మళ్ళీ చెయ్యెత్తాడు. ఈసారి నిమిషం పూర్తయ్యేదాకా కదల్లేదు. మొహంలో మాత్రం నెత్తుటి చుక్క లేదు.

"తలుపు కొడుతున్నారు. గట్టిగా కాదు... అలిసిపోయిన చేతులతో..."

"ఎలకలై ఉంటాయి గురువుగారూ, భోజనాలకి పదండి" అని దర్శకురాలు తేల్చేసింది. జనమంతా గోడౌన్ వెనక వేసిన షామియానా కిందికి వెళ్ళిపోయారు. చెవులాయన హెడ్‌ఫోన్లు తీసి బాబాయ్‌కి పెట్టాడు. "చోటు మీది కదా. మీరు వినండి."

బాబాయ్ విన్నాడు. ఊపిరి బిగబట్టి విన్నాడు. ఏమీ లేదు. తన గుండె కొట్టుకోవడం తప్ప ఏమీ వినపడలేదు. తమ్ముడు తనతో మాట్లాడ్డం లేదు... అంతే. ఎందుకో అంత భయంలోనూ ఆయనకి ఏడుపొచ్చింది.

"నాకోసారి ఇవ్వండి" అంది పక్కనే నిలబడ్డ మరదలు.

వద్దు అనబోయాడు. అప్పటికే పెట్టేసుకుంది.

ముందు ఆమె మొహంలోకి నవ్వొచ్చింది. అలాంటి నవ్వు బాబాయ్ ఆమె కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో చూశాడు. మొగుడి గొంతు వినపడగానే గబుక్కున వచ్చే నవ్వు. తర్వాత ఆ నవ్వు ఆగింది. మెల్లగా తలెత్తి బాబాయ్ వైపు చూసింది. ఇక చూపు తిప్పలేదు. వింటూనే ఉంది.

"వినపడిందా అమ్మా?" అన్నాడు చెవులాయన.

"లేదు బాబూ. మీరెళ్ళి తినండి."

ఆయన బతుకుజీవుడా అని వెళ్ళిపోయాడు. ఆమె హెడ్‌ఫోన్లు తీసి, జాగ్రత్తగా రికార్డింగు మిషను మీద పెట్టింది.

"బావగారూ... ఆ రోజు తలుపు తీసే ఉందన్నారు కదా?"

"ఆఁ..."

"మరి తాళం తియ్యి అన్నయ్యా, తాళం తియ్యి అన్నయ్యా అంటున్నాడేమిటి ఆయన?"

బాబాయ్ తలుపు వైపు చూశాడు.

"తాగినవాడి గొంతులా లేదు. నన్ను పిలిచాడు. పిల్లని పేరు పెట్టి పిలిచాడు. అప్పటికది నా కడుపులో ఉంది. దానికి పేరే లేదు..." ఆమె ఒకడుగు దగ్గరికొచ్చింది. "తాళం వేసి ఉందా?"

తల ఊపాడు.

"మీరెక్కడున్నారు?"

"మేనేజరు దగ్గరికి... తియ్యవచ్చా అని... అడగడానికి వెళ్ళానమ్మా."

"తాళంచెవి?"

ఆయన గుత్తిని వీపు వెనక దాచుకున్నాడు.

"తాళంచెవి ఎక్కడుంది బావగారూ?"

"చేతిలో."

ఆమె అరుస్తుందనుకున్నాడు. కొట్టినా బాగుండేది.

"ముప్ఫై ఏళ్ళు తిట్టుకున్నాను ఆయన్ని" అందామె. "పిల్లతోనూ తిట్టించాను. మీరు తెచ్చిన సరుకులు వండుకు తింటూ తిట్టాం..."

కాళ్ళ మీద పడబోయాడు. ఆమె పక్కకి తప్పుకుని, గోడౌన్ తలుపు తోసి, లోపలికెళ్ళి దగ్గరగా వేసుకుంది.

బాబాయ్ తలుపుకి చెవి ఆనించాడు. ఇనప తలుపు ఎండకి కాలుతోంది. అయినా చెవి తియ్యలేదు. ముందు ఆమె గొంతు ఒక్కటే వినపడింది. ఇంట్లో మొగుడు ఆలస్యంగా వస్తే భార్య సాధిస్తుందే, అలా చిన్నగా... ఆగి ఆగి... అవతలివాళ్ళ జవాబు విని మళ్ళీ అందుకుంటున్నట్టు. ఆ జవాబులు మాత్రం ఆయనకి వినపడలేదు. తర్వాత ఏడుపు. తర్వాత ఎవరో దగ్గారు. అది ఆమె దగ్గు కాదు. ఇంకొకరు దగ్గారు... ఇంకొకరు...

తలుపు తెరుచుకుంది. ఆయన వెనక్కి తూలాడు.

ఆమె మొహానికి పూసిన మసి చెదిరిపోయి ఉంది. చెంప మీద కన్నీళ్ళు ఎవరో అరచేత్తో తుడిచినట్టు, వెడల్పాటి వేళ్ళ జాడలు. ఆమె వేళ్ళు అంత వెడల్పు కావు.

"మిమ్మల్ని రమ్మంటున్నారు" అంది.

"ఎ... ఎవరు?"

"అందరూ." ఆమె గొంతులో కోపం లేదు. ఏమీ లేదు. "తొందరేం లేదన్నారు బావగారూ. ఎవరినైనా అడిగి రావాలంటే అడిగే రమ్మన్నారు. ఎంతసేపైనా ఆగుతారట."

ఇక ఆయన వైపు చూడలేదు. మసి మొహంతోనే, చింపిరి బట్టలతోనే గేటు దాటి రోడ్డెక్కింది. గోడౌన్ వెనక షామియానా కింద కంచాల చప్పుడు, నవ్వులు. బాబాయ్ ముందు జానెడు తెరుచుకున్న తలుపు, దాని వెనక చీకటి.

లోపల, తలుపు వెనకే... కొంతమంది పక్కకి జరిగి ఒక మనిషికి చోటిచ్చిన చప్పుడైంది.