రాతిగదిలో మూడు కూతలు

ఆ కొండమీది రాతిగదికి చెడ్డపేరుంది. చీకటిపడ్డాక అక్కడ గడ్డిలో బతికే అరుదైన పక్షి గడ్డికోడి మూడుసార్లు కూస్తుంది, ఆ వెంటనే ఎవరో చిన్నపిల్ల గుసగుసలాడుతుంది... పొద్దుగూకితే అటవీ గార్డులు అటువైపు తొంగిచూడరు. దెయ్యానికి నైట్ డ్యూటీ అప్పగించాం, సెలవు కూడా అడగదు అని నవ్వుతూనే గబగబా దిగిపోతారట.

ఏటా పక్షుల లెక్కకు ఆ కొండకు వచ్చే ఆమెకు ఆ మాటలంటే ఒళ్లుమంట. గడ్డినేలను బీడు అనడమే మొదటి దోపిడీ అనేది. ఆ మాట నేర్పింది మేనమామే. ఆయనా అక్కడి గార్డే. గడ్డికోడి బతికుందని ఏటా ఒక రాత్రి జరిగే ఆ గణనలో తేలితే కొండ నిలుస్తుంది, లేదంటే క్వారీకి పోతుంది. ఆరేళ్లుగా ఉందని రాసి సంతకం పెడుతున్నది ఆమే.

ఈ ఏటి గణన రాత్రి. మోకాళ్లెత్తు గడ్డి. గాలి లేదు. పక్కనే ఒక జింక ఉలిక్కిపడి గెంతింది—

అప్పుడు వినబడింది. ఒకటి... రెండు... మూడు.

ఉంది! ఈసారి కళ్లారా చూడాలనుకుంది. లెక్కకు వచ్చిన తోటివాళ్లు చెయ్యి పట్టుకుని ఆపినా వినకుండా, టార్చి ఆర్పి నడిచింది.

కూత వస్తున్నది గడ్డిలోంచి కాదు... గదిలోంచి.

కిటికీ దగ్గర ఒంగింది. చెవి పక్కనే అన్నట్టు—

"మావయ్యా... కదయకు. అదిగో."

ఆ నత్తి ఆమెకు తెలుసు. తొమ్మిదేళ్ల వయసప్పటి తన గొంతే అది.

లోపల రేకుడబ్బా, బ్యాటరీ, స్పీకరు. వెనక అడుగుల చప్పుడు... మేనమామ.

చిన్నప్పుడు ఆమెను వెంటబెట్టుకెళ్లి రికార్డు చేసిన ఆ రోజు కూసిందే ఆఖరని ఒప్పుకున్నాడు. అప్పటినుంచీ ఆ రికార్డింగే వినిపిస్తున్నాడు. చివర్లో ఆ పిల్ల మాట కత్తిరించడానికి మనసు రాలేదట. లేదని రాస్తే వారంలో పొక్లెయిన్లు ఎక్కుతాయట.

"నాచేత అబద్ధానికి సంతకాలు పెట్టించావా, మావయ్యా?"

"కొండ మిగిలిందిగా, తల్లీ. ఈ ఒక్కసారీ పెట్టు."

ఆమె తీగ లాగి పారేసింది. కొండంతా నిశ్శబ్దం...

అంతలో దూరంగా, లోయ అంచున, గడ్డిలోంచి— ఒకటి... రెండు... మూడు.

మేనమామ లోయవైపు తిరిగాడు. కళ్లనిండా నీళ్లు.

"ఇంకెన్ని పెట్టావు?" అందామె.

"ఒట్టు, తల్లీ... ఇదొక్కటే."

తొమ్మిదేళ్లప్పుడైతే నమ్మేది. కాగితం మోకాలిమీద పెట్టుకుని, 'లేదు' అని రాసి, కింద సంతకం పెడుతుంటే—

అది మళ్లీ కూసింది. ఈసారి ఇంకాస్త దగ్గరగా.