శబ్దం లేని కెమెరా

2016 నవంబరు. ఇంగ్లండులోని మా బర్న్‌లీలో ఆ నెలంతా ఒకటే తుంపర. మా అమ్మాయి జెనీన్ నన్ను పిలిచి కూర్చోబెట్టి, వంటగది బల్ల మీద మూడు కెమెరాల కాగితాలు పరిచింది. నా మనవరాలు ఐవీని పగలంతా చూసుకునే గ్లెనిస్ మీద ఓ కన్నేసి ఉంచడానికి.

ఐవీకి అప్పుడు మూడున్నరేళ్లు. ఒట్టి వాగుడుకాయ. అలాంటిది రెండు నెలలుగా మాట తగ్గిపోయింది. ఏదైనా అడిగితే పెదాలు కదిపి ఊరుకునేది.

"ఆవిడేమైనా భయపెడుతోందేమో నాన్నా," అంది జెనీన్. తను ఆస్పత్రిలో నర్సు. పొద్దున్నే వెళ్తే చీకటి పడ్డాకే రావడం.

మొదటి కెమెరా గోడకి బిగించేది. మాటలు కూడా వినిపిస్తాయి. రెండోది ఎలుగుబంటి బొమ్మ కంట్లో దాగేది, దాని చూపు మసక. మూడోది గడియారం లోపల ఉంటుంది. మనిషి ముఖం మీది ముడతలు కూడా లెక్కపెట్టొచ్చు. శబ్దం మాత్రం ఉండదు.

"గడియారం తీసుకో," అన్నాను.

"మాట వినిపించదు నాన్నా."

"వినిపించడం ఎందుకు? నోరు కనిపిస్తే చాలు."

"మొదలెట్టావా నీ మిల్లు పురాణం!"

పురాణం కాదు. ఇరవై ఒక్కేళ్లు నేత మిల్లులో పనిచేశాను. నాలుగు వందల మరమగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడు అరిచినా వినపడదు. మేమంతా నోళ్లు పెద్దగా తెరిచి, గొంతు లేకుండా పెదాలతోనే మాట్లాడుకునేవాళ్లం. అక్షరాలు ఆ తర్వాతెప్పుడో రాత్రి బడిలో నేర్చుకున్నాను. పెదాలు మాత్రం పదిహేనో ఏటే చదివాను. ఈ ఊళ్లో నన్ను మించినవాడు లేడు. నా పంతమే నెగ్గింది. గడియారం వచ్చింది.

ఇంకో సంగతి. జెనీన్ ఉండే ఇల్లు ఆ మిల్లులోనిదే. మూసేసిన చాలా ఏళ్లకి దాన్ని ఫ్లాట్లుగా విడగొట్టి అమ్మారు. అందం కోసం ఇనుప స్తంభాలు కొన్ని ఉంచారు. ఒకటి ముందుగది మధ్యలోనే ఉంది, తెల్లరంగు వేసి. అది పదిహేడో నంబరు స్తంభం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు నేను.

రెండు వీధుల అవతల మా ఇంట్లో కూర్చుని ట్యాబ్‌లో చూసేవాణ్ణి. రెండు రోజులు ఏమీ లేదు. రొట్టె, చిక్కుడుగింజలు, బొమ్మల పుస్తకం. మూడో రోజు మధ్యాహ్నం రెండూ పదికి గ్లెనిస్ పుస్తకంలోంచి తలెత్తింది. స్తంభం వైపు చూసింది. నోరు పెద్దగా తెరిచింది... అచ్చం మాలాగే.

"పాపతో వద్దు. ఏమున్నా నాతో చెప్పు."

అటువైపు ఎవరున్నారో కెమెరాకి అందలేదు. తర్వాత ఆవిడ ఐవీ వైపు తిరిగి వేలు చూపించింది.

"గట్టిగా. ఇంకా గట్టిగా."

ఐవీ వీపు ఇటుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

ఒక్క మాట కూడా తప్పు చదవలేదు నేను. ఆ సాయంత్రమే గ్లెనిస్‌ని పనిలోంచి తీసేయించాను.

గుమ్మం దగ్గర నిలబడి కోటు బొత్తాలు పెట్టుకుంటోంది.

"పసిదాన్ని ఏడిపించావు. ఎవడినో ఇంట్లోకి రానిచ్చావు. కళ్లారా చూశాను," అన్నాను.

"ఏడిపించలేదు పెద్దాయనా. పాడించాను. గొంతు పోకుండా ఉండాలని. మీ గడియారానికి చెవుల్లేవుగా!"

"మరి ఆ వచ్చినవాడు?"

"వాడు కాదు, పిల్ల. మా అమ్మ కూడా నేతపనిదే. పెదాలు చదవడం నాకూ వచ్చు." గొంతు తగ్గించింది. "ఆ పిల్లే పాపకీ నేర్పుతోంది. రోజూ విల్ఫ్ అని మీ పేరు చెప్పి, ఎక్కడున్నారని అడుగుతోంది."

తలుపు వేసేశాను.

సోమవారం నుంచి ఐవీ దగ్గర నేనే ఉన్నాను. ఆ మధ్యాహ్నం వంటింట్లో టీ కాచుకుంటున్నాను. ముందుగా వాసన వచ్చింది. కాగిన నూనె, తడి గంజి. మా మిల్లు వాసన, ముప్ఫై ఆరేళ్ల తర్వాత.

గట్టు మీద ట్యాబ్ వెలుగుతోంది. తెర మీద ఐవీ. స్తంభం ముందు నిలబడి తల పైకెత్తింది. నోరు పెద్దగా తెరిచింది.

"ఉన్నాడు. వంటింట్లో."

కాసేపు ఆగింది. ఎవరో చెప్పేది వింటున్నట్టు తలాడించింది.

"విల్ఫ్ చూశాడు... విల్ఫ్ నవ్వాడు."

1963లో పదిహేడో స్తంభం దగ్గరి మగ్గాలు ఎడ్నా షాకిల్టన్‌వి. పందొమ్మిదేళ్లు. కొంటెపిల్ల. ఆ పొద్దున అప్పటికే రెండుసార్లు నన్ను ఉత్తుత్తినే బెదరగొట్టింది. మూడోసారి నా వైపు చూసి నోరు తెరిచింది. 'మగ్గం జుట్టు పట్టేసింది. ఆపు.' ఒక్క మాట కూడా తప్పు చదవలేదు. ఇదీ ఆటే అనుకుని నవ్వాను. మగ్గం ఆపేసరికి ఎడ్నా ప్రాణం పోయింది. పెదాల్లో మాట ఉంటుంది. గొంతు ఉండదు.

యాభై మూడేళ్లు ఎవరితోనూ అనలేదు ఆ సంగతి.

వంటింటి నుంచి ముందుగదికి ఆరడుగులు. వెళ్లాను. ఐవీ ఒక్కతే ఉంది. దాని జుట్టు నిండా దూది నూగు.

"ఐవీ... తాతతో మాట్లాడమ్మా."

పెదాలు కదిలాయి. తాతా అంది. చదివాను. చప్పుడు లేదు.

"గట్టిగా," అన్నాను. "ఇంకా గట్టిగా..."

నోరు బార్లా తెరిచింది. మెడ నరాలు తేలాయి. చప్పుడు లేదు.

అప్పుడు వినిపించింది. నా వెనక, వంటింట్లో, గట్టు మీది ట్యాబ్‌లోంచి. మా ఐవీ గొంతు. పాట పాడుతోంది. మధ్యమధ్యలో ఆగి నవ్వుతోంది.

ఆ కెమెరాకి శబ్దం లేదు.

ఐవీకి ఇప్పుడు పదకొండేళ్లు. గొంతులో ఏ లోపమూ లేదని ముగ్గురు డాక్టర్లు చెప్పారు. ఆ రోజు నుంచి తన నోట ఒక్క శబ్దం రాలేదు.