పాట మోసే బండి

"ట్రాన్స్‌పోర్టు కావాలన్నారంట గదండీ. ఎన్ని మూటలు?"

ఫోన్లో ఆడగొంతు. కొడవలూరులో, మిద్దెమీది గదిలో, రెండు స్పీకర్ల మధ్య కూర్చున్న హరినాథ్ తికమకపడ్డాడు.

"మూటలు కాదండీ, పాటలు."

"పాటలు మోయాలా? ఎన్ని టన్నులుంటాయి?"

"బరువుండవు. ఒకట్లు, సున్నాలు, అంతే."

"సున్నా లోడుకైనా మాకు మినిమమ్ చార్జీ ఉంటాదండీ."

తప్పు నెల్లూరు ఎలక్ట్రికల్ షాపు హెబ్రోనుది. సెకండ్ హ్యాండ్ ట్రాన్స్‌పోర్టు దొరికితే చెప్పన్నా అని హరినాథ్ అడిగితే, ఆయన శ్రద్ధగా విడవలూరు జకరయ్య మినీలారీకి కబురు పెట్టాడు. ఆ బండికి బుకింగులు చూసేది జకరయ్య కూతురు కెజియా. బండికి బ్రేకులున్నాయేమోగానీ ఆమె మాటకు లేవు.

హరినాథ్ వివరించాడు. అంకెల్ని రాగంగా మార్చే పెట్టె, డ్యాక్ అంటారు, అది కొన్నాడు. ఆంప్లిఫయర్ ఉంది. ఇక డిస్కులోని అంకెల్ని చదివి ఆ పెట్టెకు అందించే ప్లేయరొకటి కావాలి. దాన్నే ట్రాన్స్‌పోర్టు అంటారు.

"దానికి సంగీతం తెలియక్కర్లేదా?"

"అక్కర్లేదు. పొల్లుపోకుండా అందిస్తే చాలు."

"మా నాయన మాదిరే. లోడులో ఏముందో ఆయనకు అనవసరం, పగలకుండా దించితే చాలు. అన్నట్టు, మా ఇంట్లో పాత డీవీడీ ప్లేయరుండాది. బొమ్మ రాదు. వెనక నారింజరంగు రంధ్రమొకటి ఉంది, దేనికో ఎవరికీ తెలీదు."

"నారింజరంగేనా? బాగా చూశారా?" హరినాథ్ గొంతు ప్రేమలేఖ అందుకున్నవాడి గొంతులా మారింది. "అంకెలు బయటికొచ్చేది అక్కణ్ణించేనండీ."

ఆ వారమంతా కెజియాకు ఫోన్లో రంధ్రాన్వేషణే పని.

"వైరు లావైతే గొంతు లావవుతాదా?"

"కాదు."

"ప్లేయరు మారితే పాట మారతాదా?"

"మారతాదని కొందరు, మారదని కొందరు. నాకు తెలీదు. విని చూడాలి."

"తెలీదని ఒప్పుకునే మగాణ్ణి ఇప్పుడే చూస్తున్నా."

"మీరింకా నన్ను చూడలేదు గదండీ."

"అవును గదా," అంది.

చూడ్డానికే వచ్చింది. ఎరువుల లోడుతో బండి కొడవలూరు వచ్చినరోజు, ప్లేయరును ఒళ్ళో పెట్టుకొని దిగింది. చినుకులు పడకుండా దానిమీద చున్నీ కప్పి తను తడిసింది. ముందు ప్లేయరును చూడాలో, తెచ్చినామెను చూడాలో తేల్చుకోలేక హరినాథ్ గొడుగు వదిలేశాడు. ఇద్దరూ తడిశారు.

"ఇందులో మా అమ్మ ఎలిశబెతు పాటల డిస్కుంది," అంది కెజియా. "చర్చిలో పాడతా ఉంటే రికార్డు చేసినారు. అమ్మ పోయినాక మాకు మిగిలిన గొంతు ఇదొక్కటే. మా టీవీలో పెడితే డబ్బాలోంచి పిలిచినట్టుంటాది. ఆదివారం ఆరాధన అయినాక నాయనతో వస్తా. మీ పెట్టెల్లో వినిపించండి."

వాళ్ళు లేకుండా వినడం మర్యాద కాదని హరినాథ్ డిస్కు తీసి బల్లమీద పెట్టాడు. శనివారం చూస్తే బల్ల ఖాళీ.

"నాన్నా, ఇక్కడుండే డిస్కేదీ?"

"పొలంలో ఉంది," అన్నాడు జయరామయ్య. "వరి పాలు పోసుకుంటా ఉంది, పిచ్చికలు దిగబడినాయి. అవి బెదరను నీ పాత బిళ్ళలు కట్టుకోమన్నది నువ్వే గదరా. వాటితోపాటు ఇదీ కట్టినా."

హరినాథ్ పరుగెత్తాడు. గట్టు పొడుగునా కర్రలకు వేలాడే డిస్కులు ఎండకు తళుక్కుమంటున్నాయి. ఒక్కొక్కటే తిప్పి చూస్తే చివరికి ఎలిశబెతు పేరున్నది దొరికింది. సముద్రపు గాలికి కర్రకు రాసుకొని ఒళ్ళంతా గీతలు.

ఆదివారం వాళ్ళు కూర్చోకముందే జరిగింది చెప్పేశాడు. కెజియా మాటకు మొదటిసారి బ్రేకు పడింది. జకరయ్య మాత్రం, "పెట్టి చూడు బాబూ," అన్నాడు.

పోల్చి చూద్దామని షోరూములో కొన్న కొత్త ప్లేయరు సన్నగా, సొగసుగా ఉంది. అందులో పెడితే డిస్కే లేదంది. తుడిచి పెట్టినా అదే మాట. కెజియా కిటికీవైపు తిరిగింది.

ఇక మిగిలింది పాత డీవీడీ ప్లేయరు. అద్దెకు తెచ్చిన, గీతలు పడ్డ సినిమా డిస్కులు మింగి పెరిగిన ప్రాణం. నారింజ రంధ్రంలో వైరు గుచ్చాడు. అది గొణిగింది, గురకపెట్టింది, ఆగింది.

ఎలిశబెతు గదిలోకి వచ్చినట్టు పాట మొదలైంది. ఒకచోట తడబడింది, మళ్ళీ అందుకుంది.

"చరణానికి ముందు అమ్మ ఊపిరి తీసుకునేది," అంది కెజియా మెల్లగా. "మర్చేపోయినా."

జకరయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. జయరామయ్య ముందుకొచ్చాడు. "తప్పు నాదమ్మా. ఈ గొంతుకు పిచ్చికలు పారిపోయుండవులే. వింటా కూర్చోనుంటాయి."

కెజియా నవ్వేసింది. ఆ నవ్వు చూసి హరినాథ్‌కు ధైర్యం వచ్చింది.

"డిస్కు మీది, ప్లేయరు మీది. డ్యాకు, స్పీకర్లు నావి. విడివిడిగా ఉంటే ఏదీ పాడదండీ."

"అయితే?"

"అన్నీ ఒక్క ఇంట్లో ఉంటే బాగుంటాది. మనుషులతో సహా."

కెజియా తండ్రివైపు చూసింది, తలుపువైపు చూసింది, చివరికి ప్లేయరుమీద ఆ చున్నీనే మళ్ళీ కప్పింది. "దీన్ని ఇక్కడే ఉంచండి. నేను దానికోసం వస్తా ఉంటా."

జకరయ్యకు మాత్రం ఒక సందేహం మిగిలింది. "అది సరేగానీ బాబూ, హెబ్రోను చెప్పిన ఆ లోడెక్కడుంది? తాళ్ళు, పైన కప్పే పట్టా తెచ్చినా."

అప్పుడు కెజియా అందరికీ విడమరిచి చెప్పింది: హెబ్రోను పొరబడటం, మూటలు, పాటలు, సున్నాల లోడు. "ఆయన అడిగిన ట్రాన్స్‌పోర్టు మన బండి కాదు నాయనా, ఈ పెట్టె."

"మరి తాళ్ళెందుకు తెచ్చినట్టు?"

"ఉంచు జకరయ్యా," అన్నాడు జయరామయ్య. "మీ చర్చి ముందర షామియానా వేసినా, మా వాకిట్లో పందిరి వేసినా, కుర్చీలు మోయాల గదా."